మొదటి పార

చెరుకుపల్లి దిగువన మురుగు కాలవ మీద నరసింహం అనే ఆసామికి సొంత మట్టికట్ట ఒకటి ఉండేది. పంట కాలవ నీళ్ళు చివరి పొలాల దాకా రావడం ఆ రోజుల్లో గగనమే. అందుకని మురుగుకి అడ్డుకట్ట వేసి, తూము పెట్టి, కింద ఉన్న తన పొలాన్ని తడుపుకునేవాడు. కట్ట ఆయనదే గాని, దానిలో ప్రతి తట్టా జకరయ్య మోసిన మన్నే. వేసవిలో కట్ట వెయ్యడం, తర్వాత కాపలా కాయడం అతని పని.

ఆ కట్టకి ఒక ఆచారం ఉంది. ముసురు పట్టి గండి కొట్టాల్సి వస్తే మొదటి పార యజమానే వెయ్యాలి. పరాయి చెయ్యి పడితే కట్ట మళ్ళీ నిలవదని నరసింహం తండ్రి చెప్పిపోయాడు. జకరయ్య ఆదివారం లూథరన్ గుడికి వెళ్ళే మనిషి. కట్టకి కొట్టే కొబ్బరికాయ జోలికి పోడు గాని, పెద్దాయన మాటని మాత్రం దేవుడి వాక్యంలా పట్టుకున్నాడు.

డెబ్బై రెండులో దీపావళి ముందు వాయుగుండం పట్టింది. కట్టకి ఎగువన జకరయ్యకి సర్కారు ఇచ్చిన ఎకరం బంజరు ఉంది. పుట్టి బుద్ధెరిగాక అతను సొంతానికి నాటుకున్న మొదటి చేను అది, వరి పొట్ట మీదుంది. కట్ట ఆపిన నీళ్ళు వెనక్కి తన్ని ఆ చేలోకి ఎక్కాయి. నరసింహమేమో తెనాలిలో వియ్యంకుడి ఇంట్లో ఉన్నాడు. బస్సు మీద కబురు వెళ్ళింది. వస్తున్నానన్న కబురే వచ్చింది, మనిషి రాలేదు.

ఎగువ రైతు బాపయ్య పార భుజాన వేసుకుని వచ్చాడు. “తప్పుకోరా జకరయ్యా. నీ చేనూ మునుగుతోంది, కళ్ళు కనబడటంలా?”

“అయ్యగారి చెయ్యి పడాలండి. ఆయన రాకుండా తెంపనివ్వనండి.”

బలవంతాన తెంపి, నరసింహంతో కోర్టుల చుట్టూ తిరగలేక బాపయ్య తిట్టుకుంటూ పోయాడు. ఆ వెనకే భార్య జ్ఞానమ్మ వచ్చింది. “ఏంటయ్యా ఇది? ఆ చేను పోతే ఏం తింటాం?” అని వానలో నిలబడి ఏడ్చింది. “నమ్మి అప్పజెప్పారే,” అన్నాడు జకరయ్య. కట్ట మీదనుంచి మాత్రం కదల్లేదు.

మూడో రోజున వాన వెలిశాక నరసింహం గొడుగు వేసుకుని తాపీగా వచ్చాడు. జకరయ్య రెండు చేతులా పార అందించాడు. ఆయన పంచె ఎత్తి పట్టుకుని బురద వంక చూశాడు.

“నేనెందుకురా ఈ బురదలో? నువ్వే వెయ్యి. మొన్ననే తెంపెయ్యకపోయావా, నేను కాదంటానా?”

“మొదటి పార తమరే వెయ్యాలి గదండి.”

“అది మా నాన్న చాదస్తంరా! ఇంకా పట్టుకుని వేళ్ళాడుతున్నావా?” ఆయన పకపకా నవ్వాడు.

జకరయ్యే పార వేశాడు. పొద్దుగూకే సరికి నీళ్ళు తీశాయి. చేను కుళ్ళి, బురదకి అంటుకుపోయి ఉంది.

ఇంటికి వెళితే జ్ఞానమ్మ తల ఎత్తకుండా అడిగింది. “వేశారా మీ అయ్యగారు మొదటి పార?”

“లేదు. నేనే వేశా.”

“మరి మొన్న ఏమయ్యాయి ఈ చేతులు?”