గుడ్డ కింద ధర

నేను ఒక తువ్వాలుని. ముతక నూలుతో నేసిన ఎర్రగళ్ళ తువ్వాలుని. ఒళ్ళు తుడవడానికి పుట్టాను గానీ, నా బతుకులో మూడొంతులు నెల్లూరు జిల్లాలోని ఒక నిమ్మకాయల మార్కెట్లో, ఇద్దరు మగవాళ్ళ చేతులను కప్పి ఉంచడంతోనే గడిచిపోయింది. ఆ చేతులు నా కింద ఏం చేసేవో ఇప్పటికీ మరిచిపోలేదు.

నన్ను నేసినవాడి పేరు నాకు తెలియదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా దగ్గుతూ నేసేవాడు. నేయడం అయ్యాక నన్ను మడిచి, నూలు ఇచ్చిన షావుకారు ముందు పెట్టి, ఎంత ఇస్తారని అడిగాడు. తన చేత్తో చేసిన వస్తువుకు ధర ఎంతని ఎదుటివాణ్ణి అడగడం నేను చూసిన మొదటి వింత. షావుకారు ఏదో చెప్పాడు, ఇతను తల ఊపాడు. వారం తిరక్కుండా షావుకారు నన్ను అంతకు రెండింతలకు అమ్ముకున్నాడు. అందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. నన్ను కొన్నవాడికీ కనిపించలేదు.

కొన్నవాడు చెంచురామయ్య. నిమ్మ మార్కెట్లో ఆయనది కమిషన్ మండీ. రైతు కాయ తెచ్చి మండీ ముందు రాశి పోస్తాడు, దూరపు ఊళ్ళకు లారీలు పంపే వ్యాపారి వచ్చి కొంటాడు, రైతు తరఫున బేరం చేసి పెట్టినందుకు మండీ యజమాని నూటికి ఇంత అని తీసుకుంటాడు. ఆ బేరం నోటితో జరగదు. అది అక్కడి ఆచారం. మండీ యజమానీ వ్యాపారీ కుడిచేతులు కలుపుతారు, పైన నన్ను కప్పుతారు. వ్యాపారి ఒక వేలు పట్టుకుంటే బస్తా వెయ్యి, రెండు పట్టుకుంటే రెండు వేలు, అరచేతిలో గోటితో గీస్తే ఇంకో ఐదొందలు. పైకి మాత్రం ఎండల గురించో పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకుంటుంటారు. రైతు పక్కనే నిలబడి చూస్తుంటాడు. గుడ్డ కదలడం తప్ప అతనికి ఏమీ కనిపించదు.

చెంచురామయ్య దేవుడేమీ కాడు. కానీ ఆయన చెయ్యి బేరాన్ని ఎప్పుడూ పైకే లాగేది. అది ధర్మబుద్ధి అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయాను. తర్వాత ఒకరోజు ఆయన భార్యతో అంటుంటే విన్నాను, రేటు తగ్గితే రైతు మర్నాడే పక్క మండీకి పోతాడని. ఆ రోజుల్లో మండీలకు ఒకదానితో ఒకటికి పడేది కాదు. ఆయన మంచితనానికి కాపలా కాసింది ఆ పక్క మండీయే. అయినా సరిపెట్టుకున్నాను. స్వార్థమైతేనేం, రైతుకు నాలుగు రూపాయలు దక్కుతున్నాయి కదా అనుకున్నాను.

ఆయన పోయాక కొడుకు హరిబాబు నన్ను భుజాన వేసుకున్నాడు. చదువుకున్నవాడు. ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటే చివరికి అందరికీ లాభమేనని, లోకం నడిచేదే అలాగని టీ కొట్టు దగ్గర చెబుతుండేవాడు. వినడానికి బాగానే ఉండేది. అయితే అతని కాలానికి మండీలన్నీ కలిసి సంఘం పెట్టుకున్నాయి. నెలకోసారి హోటల్లో కూర్చుని బిర్యానీ తింటూ, ఒకరి రైతును ఇంకొకరు లాక్కోకూడదని, ఒకరు చెప్పిన రేటు మీద ఇంకొకరు పెంచకూడదని మాట అనుకున్నారు. దానికి క్రమశిక్షణ అని పేరు కూడా పెట్టారు. పక్క మండీ తలుపులు తెరిచే ఉండేవి గానీ రైతు అక్కడికి పోయినా ఒకటే, పోకపోయినా ఒకటే అయింది. తండ్రికి ఎంత స్వార్థం ఉండేదో కొడుక్కీ అంతే ఉంది, చిటికెడు కూడా ఎక్కువ కాదు. కాకపోతే ఇప్పుడది బేరాన్ని కిందికి దించడం మొదలుపెట్టింది. దించినంత తేడాను సాయంత్రం హరిబాబూ వ్యాపారీ చెరి సగం పంచుకునేవాళ్ళు.

వాళ్ళ చేతుల చెమట నాకు పట్టేది. హరిబాబు ఇంట్లో నన్ను ఎంత బాది ఉతికినా ఆ వాసన వదిలేది కాదు.

ఒక ఏప్రిల్ పొద్దున పెంచలమ్మ అనే ఆవిడ కాయ తెచ్చింది. భర్త నడుం దెబ్బతిని మంచాన పడ్డాక తోట ఆమే చూసుకుంటోంది. బోరు ఎండిపోతే ట్యాంకర్లతో నీళ్ళు తోలించి చెట్లను బతికించింది. వేసవిలో నిమ్మకాయకు రేటు ఉంటుంది. ఆ ఒక్క కోత కోసమే అన్ని తిప్పలు పడింది. బస్తా నాలుగు వేలు దాటితే వానలు పడేదాకా ట్యాంకర్ తోలించుకోగలనని, లేకపోతే చెట్లు ఎండిపోతాయని రాశి పోస్తూనే హరిబాబుకు చెప్పేసింది. చెప్పకుండా ఉండాల్సింది.

కోదండం అనే వ్యాపారి వచ్చి రాశిలోంచి ఒక కాయ తీసి నలిపి వాసన చూశాడు. ఇద్దరి చేతులూ కలిశాయి, నేను పైన పడ్డాను. కోదండం మొదట పట్టుకున్నది ఐదు వేళ్ళూ. కాయ అంత బాగుంది మరి. ఐదు వేలు ఇవ్వడానికి అతను సిద్ధపడే వచ్చాడు. రైతు తరఫున నిలబడిన హరిబాబే తన వేళ్ళలో రెండింటిని మెల్లగా విడిపించుకుని మడిచేశాడు. కోదండం మీసాల్లో నవ్వుకున్నాడు. పైకి ఇద్దరూ కోదండం కూతురి పెళ్ళిచూపుల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు ఒళ్ళంతా రోత పుట్టింది. దొంగైతే చీకటి పడేదాకా ఆగుతాడు, కనీసం భయపడతాడు. వీళ్ళు పట్టపగలు, సొంతదారు కళ్ళెదుట, పెళ్ళి కబుర్లు చెప్పుకుంటూ దోచుకుంటున్నారు.

బస్తా మూడు వేలని హరిబాబు ప్రకటించాడు. ఎంతో కష్టం మీద ఒప్పించానని కూడా అన్నాడు.

పెంచలమ్మ రాశిని చూసింది, నన్ను చూసింది.

"నా కాయకి నేనే చెయ్యి పెడతానన్నా," అని, హరిబాబు తేరుకునేలోగా అతని చెయ్యి పక్కకు తోసి తన కుడిచెయ్యి నా కింద పెట్టేసింది.

మణికట్టు దాకా నిమ్మ ముళ్ళు గీరిన గీతలున్న చెయ్యి అది. ఇన్నేళ్ళలో నా కిందికి కాయ పండించిన చెయ్యి రావడం అదే మొదటిసారి.

కోదండం నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరు ముఖం చిట్లించారు. పరాయి ఆడమనిషి చెయ్యి గుడ్డ కింద పట్టుకోవడం ఏం మర్యాదని, తన ఇంట్లోనూ ఆడపిల్లలున్నారని కోదండం అన్నాడు.

"పట్టుకోబాకన్నా," అంది పెంచలమ్మ. "నోటితోనే చెప్పు. అందురూ వింటారు."

ఆమె చెయ్యి తాకడానికి అంత సిగ్గుపడిన పెద్దమనుషులకు ఆమె నోటికాడి కూడు లాక్కోవడానికి మాత్రం సిగ్గు లేదు. అది మర్యాదేనని వాళ్ళు నిజంగా నమ్మారు, అదే ఇంకా అసహ్యం.

కోదండం వెళ్ళిపోయాడు. మిగతా వ్యాపారులు ఆ రాశి అక్కడ లేనట్టే దాటిపోయారు. మొండికేస్తే మార్కెట్ మాత్రం ఏం చేస్తుందని హరిబాబు నన్ను దులిపి భుజాన వేసుకున్నాడు. పెంచలమ్మ పక్క రాశి రైతును బతిమాలింది, నువ్వు కూడా నోటితో చెప్పమని అడుగు, ఇద్దరం అడిగితే చెబుతారని. అతను బీడీ వెతుక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు. ఆమె కాయ ఆగిపోతే అతని కాయకు బస్తాకు వంద ఎక్కువ వస్తుంది. వచ్చింది కూడా. అతని తోటలోనూ బోరు ఎండిందని నాకు తెలుసు. అయినా అతని మీద నాకు జాలి కలగలేదు.

ఎండ ముదిరింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళతో గోతాలు తడిపి ఆమె కాయ మీద కప్పింది. అయినా మధ్యాహ్నానికి అంచుల్లోని కాయ మెత్తబడింది. మూడు వేలకైనా ఇచ్చేద్దామని కాబోలు ఒకసారి లేచి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చుంది. హరిబాబు అది చూశాడు. ఇంకో గంట ఆగితే రెండు వేలకే ఇస్తుందని, క్యారియర్ విప్పుతూ గుమస్తాతో అన్నాడు. పప్పన్నం కలుపుకుంటూ ఒక మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనగలడని నేను అనుకోలేదు.

అంతలో కోదండం గబగబా వచ్చాడు. ఇంకో ఊరి నుంచి కాయ తెస్తున్న బండి దారిలో చెడిపోయిందట. మద్రాసుకు పోవాల్సిన లారీ సగం ఖాళీగా ఉంది. ఖాళీగా పోయినా కిరాయి తప్పదు. మార్కెట్లో అమ్ముడుపోకుండా మిగిలింది పెంచలమ్మ రాశి ఒక్కటే. ఈసారి అతను గుడ్డ అడగలేదు.

"బస్తా ఐదు వేలు. ఎత్తిస్తుండానమ్మా," అన్నాడు, నాలుగు మండీల అవతలికి వినబడేలా.

హరిబాబు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, తను చెయ్యని బేరానికి కమిషన్ పట్టుకున్నాడు. ఓపిక పడితే మార్కెట్ న్యాయమే చేస్తుందని చుట్టూ ఉన్న రైతులకు చెప్పాడు. వాళ్ళు తలలూపారు. ఆమెకు దొరికింది న్యాయం కాదు, లారీలో ఖాళీ. ఆ బండి చెడిపోకుండా ఉంటే ఆమె చెట్లు ఎండిపోయేవి, హరిబాబు పప్పన్నం మాత్రం చల్లారేది కాదు. ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటూ ఎదుటివాడికి న్యాయం చేయగలరా అని నన్నడిగితే, చేస్తారనే చెబుతాను, తమకు అవసరమైన రోజున. మిగిలిన రోజుల్లో ఆమె ఏం కావాలో నాకు తెలియదు.

ఇంతవరకూ నేను ఓర్చుకున్నాను. ఆ తర్వాతదే ఓర్చుకోలేకపోయాను. డబ్బు కొంగున ముడేసుకుని పెంచలమ్మ లారీ దగ్గరికి వెళ్ళి, కోదండానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. పొద్దున ఐదు వేళ్ళూ పట్టుకుని వదిలేసిన ఆ మనిషి ఆ దండాన్ని కాదనకుండా పుచ్చుకున్నాడు.

"మనిషికి మనిషి సాయం చేసుకోకపోతే ఎట్టమ్మా," అన్నాడు.

నాకు నోరుంటే ఆ రోజు అరిచి ఉండేదాన్ని.

తర్వాత సంఘం ఒక కట్టుబాటు పెట్టింది. ఆడవాళ్ళు కాయ తెస్తే మగతోడు ఉండి తీరాలట, మర్యాద కోసం. నేను చిరిగిపోయాను. హరిబాబు కొత్త తువ్వాలు కొనుక్కున్నాడు. ఇప్పుడు నేను మండీలో కాటా పళ్ళెం తుడిచే గుడ్డని. అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది. పెంచలమ్మ చెట్లు బతికే ఉన్నాయి. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తుంది, రాశి పోస్తుంది, వాళ్ళు చెప్పిన ధరకు ఇచ్చి పోతుంది. ధర ఎంతని కూడా గట్టిగా అడగదు. కోదండం ఆ దారిన వస్తే తమ్ముడు కూర్చునే ఉంటాడు. ఆమె మాత్రం కొంగు సర్దుకుని లేచి నిలబడుతుంది.