గోడ మీద సున్నలు

పెళ్లయిన కొత్తలో మా అమ్మ తరఫు వాళ్లెవరైనా "మీరిద్దరు ఇంట్ల ఎప్పుడుంటరే?" అని అడిగితే నేను నోటితో జవాబు చెప్పేదాన్ని కాదు. పొయ్యి పక్కన గోడకు వేలాడే క్యాలెండర్ వైపు చెయ్యి చూపించేదాన్ని. సున్న చుట్టిన రోజున వస్తే ఇద్దరం ఉంటాం, టీ కూడా దొరుకుతుంది. మిగతా రోజుల్లో వస్తే తాళమైనా ఉంటుంది, నిద్రపోతున్న మనిషైనా ఉంటాడు.

కాజీపల్లిలో మొగులయ్య కిరాయికిచ్చే గదుల వరసలో మాది చివరిది. మా ఆయన యాదగిరి మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో ఆపరేటర్. నేను రోడ్డుకు అవతల మందు గోళీల కంపెనీలో, ప్యాకింగ్‌లో. ఆయనకు మూడు షిఫ్టులు, వారానికోసారి మారతాయి. నాకు పొద్దుటిది, మధ్యాహ్నానిది, రెండే. ఆడవాళ్లకు రాత్రి డ్యూటీ వేయరు. ఆయన సెలవు ఈ వారం సోమవారమైతే పై వారం మంగళవారం. నా సెలవుకు ఇంకో లెక్క. రెండు కంపెనీల మేనేజర్లూ ఒకచోట కూర్చుని మా మీద పగ తీర్చుకున్నట్టుండేవి ఆ చార్టులు. ఉన్నది ఒక్క మంచం. ఆయన రాత్రి డ్యూటీ వారం ఒకరు లేచాక ఒకరం పడుకునేవాళ్లం. మిగతా వారాల్లో ఒకరు వచ్చేసరికి ఇంకొకరు నిద్రపోయి ఉండేవాళ్లం.

అందుకే మాకు క్యాలెండర్ కావాల్సి వచ్చింది. కిరాణా చిన్నరాములు కొత్త సంవత్సరానికి ఇచ్చేవాడు. పైన దేవుడి బొమ్మ, కింద తిథీ వర్జ్యం, రాసుకోవడానికి పెద్ద పెద్ద గళ్లు. నెలాఖరున ఇద్దరం షిఫ్ట్ చార్టులు తెచ్చుకుని దాన్ని నేల మీద పరిచి కూర్చునేవాళ్లం. ఆయనది నీలం పెన్ను, నాది ఎర్ర పెన్ను. ఎవరి షిఫ్టు వాళ్లం రాసేవాళ్లం. ఇద్దరికీ సెలవు పడిన గడి దొరికితే యాదగిరి దాని చుట్టూ సున్న చుట్టేవాడు. నెలకు రెండు, బాగా కలిసొస్తే మూడు. ఒక్కటీ పడని నెల ఆయన క్యాలెండర్‌ను తలకిందులు చేసి మరీ వెతికేవాడు, అలా చూస్తే దొరుకుతుందన్నట్టు.

పక్క గది కౌసల్యక్క మమ్మల్ని ఆట పట్టించేది. "అందరు సున్నా వస్తె ఏడుస్తరు. మీరు సున్నా రాకపోతె ఏడుస్తరు. ఏం సంసారమే మీది."

గడిలో షిఫ్టులు రాశాక ఇంకా జాగా మిగిలేది. ఆ జాగాలో మేం మాట్లాడుకునేవాళ్లం. పప్పు మూత కింద ఉందని నేను రాసేదాన్ని. పాలు రాలేదని ఆయన రాసేవాడు. ఒకసారి "నిన్న నిద్రల నవ్వినవ్, ఏంది కథ?" అని రాశాడు. కింద నేను "నువ్వే జూసినవ్ గద, నువ్వే జెప్పు" అని రాశాను. తెల్లారి వచ్చి చూస్తే "నా గురించే అయితది" అని ఉంది. డ్యూటీ నుంచి వచ్చాక మంచినీళ్లు తాగకముందే ఆ గోడ దగ్గరికి పోయేదాన్ని. ఆయన ఇంట్లో లేని లోటు నాకు అంతగా తెలిసేది కాదు.

రెండువేల నాలుగులో ఆయనను షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారు. పెద్ద పేరే కానీ పని మాత్రం ఎవరు రాకపోతే వాళ్ల జాగాలో నిలబడటం. ఇవాళ పొద్దున అన్నది రేపు రాత్రి అయ్యేది. నీలం పెన్నుతో రాసింది కొట్టేయడం, మళ్లీ రాయడం, మళ్లీ కొట్టేయడం. గళ్లు చూస్తే పిల్లలు గీకినట్టుండేవి. ఆ నెల జీతంతో ఆయన సెల్‌ఫోన్ కొన్నాడు. అందులో క్యాలెండర్ కూడా ఉందని తెలిసిన రోజు ఆయన మొహం వెలిగిపోయింది.

"ఇగ నెలనెల నేల మీద కూసునే పనిలేదు. నీ షిఫ్టులు గూడ జెప్పు, ఇందుల ఎక్కిస్త. సెలవు కలిసిన నాడు అదే మోగుతది" అన్నాడు.

"మోగితె నీకు వినవడ్తది. నాకెట్ల తెలుస్తది?"

"నేను జెప్త గద."

"గోడ మీదుంటె ఎవ్వలు జెప్పే పనిలేదు."

"గోడ నా ఎంబడి కంపెనీకొస్తదా?" అన్నాడు. "నడిమధ్యల షిఫ్ట్ మారిస్తె ఆన్నే మార్చుకుంట. కొట్టివేతల్లేవు, పరేషానీ లేదు."

నిజం ఒప్పుకోవాలి, ఫోన్ మంచిదే. అంతకుముందు ఒకసారి నెల మారినా కాగితం చింపడం మరిచిపోయి, పాత గళ్లు చూసుకుని సెలవు రోజున డ్యూటీకి పోయి గేటు దగ్గర నవ్వులపాలై వచ్చాడు. ఫోన్ వచ్చాక అలాంటివి లేవు. డ్యూటీకి లేపేది, సిలిండర్ బుక్ చేయమని గుర్తు చేసేది. నాకూ ఒకటి కొనిస్తానన్నాడు. వద్దన్నాను. అది నా మొండితనం. గోడను కాదన్న మనిషి దగ్గర ఫోన్ తీసుకోవడమేంటని బిగుసుకున్నాను.

కొత్త సంవత్సరానికి చిన్నరాములు ఇచ్చిన క్యాలెండర్ నేనే తెచ్చి తగిలించాను. ఎర్ర పెన్నుతో నా షిఫ్టులు రాసుకున్నాను. నీలం రంగు లేకుండా అది ఎవరో విధవరాలి ఇంటి క్యాలెండర్‌లా కనిపించింది. అయినా అలవాటు పోక గళ్లలో ఏదో ఒకటి రాసేదాన్ని. మొదట్లో ఆయన చదివేవాడు, జవాబు రాసేవాడు కాదు. తర్వాత చదవడం కూడా మానేశాడు. మిగిలిన కూర వాసన పట్టిపోతే "గోడ మీద రాసిన గద, తిను అని" అన్నాను. "అటు జూడలే" అన్నాడు. మామూలుగానే అన్నాడు, కోపం కూడా లేదు.

నెలాఖరున నా షిఫ్టులు చెప్పి, ఆయన ఫోన్‌లో ఎక్కించుకున్నాక అడిగేదాన్ని. "ఈ నెల ఏమన్న కలిసిందా?"

"కలువలే. పై నెల జూద్దాం."

సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, ఎండలు ముదిరాయి. ఒక్క సున్నా లేదు. ఇన్‌చార్జి అంటే అంతే కాబోలు అనుకున్నాను. నా సెలవు రోజున బట్టలు ఉతికి ఆరేసి, గడప మీద కూర్చుని, కంపెనీ బస్సులు మనుషుల్ని దించడం, ఎక్కించుకోవడం చూసేదాన్ని. గాలి మా వైపు తిరిగితే ఆ మందుల వాసనకు తలుపేసుకుని లోపల కూర్చునేదాన్ని. లోపల ఇంకా కష్టంగా ఉండేది. మంచం మీద ఆయన పడుకుని లేచిన గుంట ఉండేది, మనిషి ఉండడు. కౌసల్యక్క పిలిచినా పోబుద్ధయ్యేది కాదు. ఆమె ఇంట్లో మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటారు. కనీసం ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకుంటారు కదా అని నాకు కుళ్లుగా ఉండేది.

ఆయనకు చెప్పాల్సినవి మనసులో జమ చేసుకుంటూ వచ్చాను. గుమ్మడిదలలో అమ్మ వాళ్ల బోరు నీళ్లు పచ్చగా వస్తున్నాయి, అది. మా ప్యాకింగ్‌లో కొత్త సూపర్‌వైజర్ నోటి దురుసు, అది. సంగారెడ్డి కోర్టులో మా చిన్నాన్న భూమి గొడవ. ఇంకా నాకు రాత్రిళ్లు ఒక్కదానికే నిద్ర పట్టడం లేదని, అది అన్నిటికంటే ముందు. కలిసిన రోజున ఒకదాని వెనక ఒకటి అన్నీ చెప్పాలనుకున్నాను.

ఒక సాయంత్రం కుళాయి దగ్గర బిందె నిండుతుంటే కౌసల్యక్క అంది, "మీ ఆయనకు ఓటీలు మస్తు దొరుకుతున్నయ్ గదనే. సెలవు నాడు గూడ పోతుండట."

ఆమె మొగుడు నర్సన్న, మా ఆయన కంపెనీలోనే బాయిలర్ దగ్గర పనిచేస్తాడు.

"సెలవు నాడా? ఏనాడు?"

"మొన్న గురువారం. నువ్వు గూడ ఇంట్లనే ఉంటివి గద, దుప్పట్లు ఉతుకుతుంటివి. అంతకుముందు గూడ రెండు మూడుసార్లు. అడిగి మరీ ఏయించుకుంటుండట, మా ఆయన జెప్పిండు." నా మొహం చూసి ఆమె గొంతు తగ్గించింది. "నీకు ఎరుక లేదా?"

బిందె నిండి పొర్లుతున్నా నేను చూస్తూ నిలబడ్డాను. సెలవులు కలిశాయి. ఫోన్ మోగే ఉంటుంది. ఆయన దాన్ని ఆపేసి, టిఫిన్ డబ్బా పట్టుకుని, డ్యూటీకి పోతున్నట్టే నా ముందు నుంచి పోయాడు. గోడ మీద సున్నా ఉంటే ఆ గడప దాటగలిగేవాడా? నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరో ఉన్నారనుకున్నాను. అనుకోకుండా ఎలా ఉంటాను.

రెండు రోజులకు నా సెలవు, ఆయనది పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం వచ్చి అన్నానికి కూర్చున్నాడు. చారు పోస్తూ అన్నాను.

"మొన్న గురువారం నీకు సెలవేనట."

కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎవలు జెప్పిండ్రు?"

"ఇదివరకు గోడ జెప్తుండె. ఇప్పుడు కౌసల్యక్క జెప్పాల్సొచ్చింది."

"ఓటీ వడ్డది."

"వడ్డదా, అడిగినవా?"

కంచం వైపే చూశాడు. "అడిగిన" అన్నాడు.

"ఎవలున్నరు?"

అప్పుడు తలెత్తాడు. నిజంగానే బిత్తరపోయాడు. "ఎవ్వలు లేరు సుమిత్రా. నీ మీద ఒట్టు. నర్సన్నను అడుగు, గేటు దగ్గర అడుగు. ప్లాంటుల్నే ఉన్న."

"మరెందుకు? నాకెందుకు జెప్పలే?"

రెండుసార్లు మొదలుపెట్టి ఆపాడు.

"ఇద్దరం ఇంట్ల ఉంటె ఏం మాట్లాడాలె నాకు సమజైతలేదు" అన్నాడు చివరికి. "నువ్వు నా దిక్కు జూస్తవ్, నేను నీ దిక్కు జూస్త. పొద్దు పోదు. నువ్వు ఎదురుజూస్తున్నవని తెలుస్తది. ఏమన్న మంచిగ మాట్లాడాలె అనుకుంట. రాదు. ఆడ ప్లాంటుల అయితె వాల్వు తిప్పుమంటె తిప్పుత, మంట తగ్గియ్యమంటె తగ్గిస్త. ఈడ ఏం జెయ్యాలె నాకు తెల్వదు."

నేను పాత సున్నల రోజులు గుర్తు చేసుకున్నాను. కోడికూర వండేదాన్ని. పటాన్‌చెరు పోయి సినిమా చూసేవాళ్లం. బస్సులో ఆయన నా భుజం మీద నిద్రపోయేవాడు. ఇంటికొచ్చి పడుకునేవాళ్లం. ఆ రోజుల్లో ఏం మాట్లాడుకున్నాం? ఎంత వెతికినా ఒక్క మాట గుర్తు రాలేదు. గుర్తున్నవన్నీ గోడ మీద రాసుకున్నవే.

అయినా కోపం తగ్గలేదు. "నీకు లేకపోతె లేకపోవచ్చు. నాకు మస్తున్నయ్ జెప్పేటివి. నాలుగు నెలల సంది దాచిపెట్టుకున్న" అన్నాను.

ఆయన సగం తిన్న కంచం పక్కకు జరిపాడు. చెయ్యి కడుక్కుని వచ్చాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆపేసి, కిటికీలో పెట్టాడు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు, పొద్దున్నుంచి నిలబడ్డ కాళ్లు మెల్లగా మడిచి.

"జెప్పు. యాడికి వోను" అన్నాడు.

ఆయన మొహంలోకి చూశాను. కళ్ల కింద నల్లగా ఉంది, చెవి పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో నాకు తెలియదు. ఆయన నిజంగానే ఎదురుచూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. నిద్ర పట్టడం లేదని చెప్పాలనుకున్నాను. అది చెప్పాలంటే ముందు ఇంకేదో చెప్పాలి, ఆ ముందు మాట ఏంటో నాకు తెలియలేదు. పరాయి మనిషి ముందు కూర్చున్నట్టు సిగ్గేసింది.

"బియ్యం అయిపోవచ్చినయ్" అన్నాను.

"ఎన్ని దినాలకొస్తయ్?"

"రెండు దినాలు."

"రేపు తెస్త" అన్నాడు.

అంతే. ఆయన ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు, నేను ఇంకా ఏదో చెబుతానని. బయట షిఫ్ట్ బస్సు వచ్చి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఏమైంది సుమిత్రా?" అన్నాడు ఆయన కంగారుగా.

ఏమైందో నాకు తెలుసు. చెప్పడమే నాకూ చేతకాలేదు.