నర్సాపురం నుంచి వచ్చిన జవాబు

రంగూన్‌లో లేసు వ్యాపారం చేసిన వీర్రాజు, సుబ్బలక్ష్మి దంపతుల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఇంద్రజ ఖతర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగింది. అడిగింది తాతయ్య శేషాచలం కోసం. ఆయనకు ఎనభై నాలుగేళ్ళు. అల్ వుకైర్‌లో మనవరాలి ఫ్లాట్‌కి విజిట్ వీసా మీద వచ్చాడు. ఆయన తండ్రి వీర్రాజు నర్సాపురం లేసును ఓడలో తీసుకెళ్ళి రంగూన్‌లో అమ్మేవాడు. తల్లి అక్కడే కూర్చుని అల్లేది. యుద్ధంలో బాంబులు పడ్డాక చంటిబిడ్డగా ఉన్న శేషాచలాన్ని ఎత్తుకుని కాలినడకన ఇండియాకు బయల్దేరారు. సుబ్బలక్ష్మి దారిలో కలరాతో పోయిందని చెప్పి, ఇంటికి చేరాక వీర్రాజు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అమ్మ పోయిన ఊరి పేరైనా తెలుసుకోవాలని శేషాచలం కోరిక.

ఆ మెసేజ్ చూసి శుక్రవారం ఉదయం ఆంజనమ్మ వచ్చింది. మెసయీద్‌లో ఒక క్లినిక్‌లో నర్సు. బర్మాలోని మోల్మేన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆమెది. సోఫా అంచున కూర్చుంది.

"సుబ్బలక్ష్మమ్మ దారిలో పోలేదు మావయ్య గారూ. మా అమ్మని పెంచింది ఆవిడే. డెబ్బై తొమ్మిదిలో పోయింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు, ఆవిడ ఇంట్లోనే పెరిగాను."

ఈవిడ ఇంకెవరి గురించో చెబుతోందనుకున్నాడు శేషాచలం. ఆంజనమ్మ మిగతాది కూడా చెప్పింది. జ్వరంతో ఒళ్ళు తెలియని భార్యను ఒక పల్లెలో పడుకోబెట్టి, నీళ్ళు తెస్తానని వీర్రాజు బిడ్డను ఎత్తుకుని వెళ్ళాడట. మళ్ళీ రాలేదు. పల్లెవాళ్ళు ఆమెను బతికించారు. తర్వాత మోల్మేన్ చేరి, ఆడపిల్లలకు లేసు అల్లడం నేర్పుతూ, తల్లిదండ్రులు లేని ఒక పిల్లను పెంచుకుంది.

"మా కోసం వాకబు చెయ్యలేదా?" అన్నాడు శేషాచలం.

ఆంజనమ్మ ఫోన్లో ఒక ఫొటో చూపించింది. నర్సాపురం తపాలా ముద్ర ఉన్న పాత పోస్టుకార్డు. సుబ్బలక్ష్మి రాయించిన ఉత్తరాలన్నిటికీ వచ్చిన ఒకే ఒక్క జవాబు. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు, ఇక రాయవద్దు.

శేషాచలం ఫొటోను పెద్దది చేసి రెండుసార్లు చదివాడు.

"ఇది మా నాన్న రాత," అన్నాడు. "నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఈ చెయ్యే."

ఇంద్రజ మంచినీళ్ళు తెచ్చి ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. అమ్మ పోయేనాటికి తనకు ముప్ఫై ఎనిమిదేళ్ళని, ఉద్యోగం ఉందని, వెళ్ళి తెచ్చుకోగలిగేవాణ్ణని నెమ్మదిగా అన్నాడు.

డ్యూటీకి టైమైందని ఆంజనమ్మ లేవబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చో అమ్మా. ఇంద్రజా, అన్నం వడ్డించు. మా అమ్మ ఇంట్లో పెరిగిన పిల్లని తిండి పెట్టకుండా పంపుతామా?"