అన్నికూర

సముద్రం దగ్గర సెలవులు గడిపి వచ్చిన కొడుకు, అత్తమామల్ని ఆదివారం భోజనానికి పిలిచాడు. భోజనం వంక మాత్రమే, అసలు పని ఫొటోలు చూపించడం. చెయ్యి కడుక్కుని వచ్చినవాళ్ళని వచ్చినట్టే టీవీ ముందు కూర్చోబెట్టేశాడు. వియ్యంకుడికి మెత్తటి కుర్చీ దొరికింది, వియ్యపురాలు సోఫాలో ఒరిగింది, కోడలు చాప మీద చతికిలబడింది. అతని తల్లి పెద్దావిడకు తలుపు పక్కన చోటు మిగిలింది. అక్కడినుంచి చూసినా తెర మీద కొడుకు పొట్ట మొత్తం కనిపిస్తోంది. ఏ మూల కూర్చున్నా కనిపించే పొట్టే అది.

ఇసుకలో అతని కాళ్ళు. నురగలో అతని కాళ్ళు. పడక కుర్చీలో మళ్ళీ అతని కాళ్ళే, వేళ్ళ సందుల్లో కాస్తంత నీలం.

"సముద్రమేదిరా?" అంది పెద్దావిడ.

"వస్తుందమ్మా, తొందరేంటి?"

సముద్రం రాలేదు, తిండి వచ్చింది. ఆ హోటల్లో ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకోవచ్చట. ఊరికే వస్తోందంటే చెయ్యి ఊరుకుంటుందా? పళ్ళెం నిండా గుట్టగా పేర్చుకుని ఫొటో తీశాడు. అక్కడితో ఆగినా బాగుండేది, తిన్నాక కూడా తీశాడు. కొరికి వదిలేసిన రొట్టె మీద పళ్ళ గాట్లు, పక్కనే చీకి పారేసిన ఎముక, సాసులో నానుతున్న కాగితం రుమాలు. పెద్దావిడ మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఇంత వదిలేశావేం బాబూ?" అన్నాడు వియ్యంకుడు.

"ఏం తింటాం మామయ్యా, చప్పిడి మొహం తిండి! చిన్నప్పుడు మా అమ్మ చేసిన అన్నికూర ముందు ఇవన్నీ దిగదుడుపే."

మొదలెట్టాడు, అనుకుంది పెద్దావిడ. ఆఫీసులో చెప్పాడు, పెళ్ళిళ్ళలో చెప్పాడు, జుట్టు కత్తిరించేవాడిని కూడా వదల్లేదు. ఇప్పుడు వియ్యాలవారి వంతు.

"అన్నీ ఉంటాయి కాబట్టి అన్నికూర. ఆ పేరు నేనే పెట్టా. ఒక ముద్దలో మాంసం, ఇంకో ముద్దలో దుంప, ఉన్నట్టుండి తియ్యగా ఓ పండు ముక్క! అప్పట్లోనే ఎన్ని ప్రయోగాలు చేసేదో మా అమ్మ. పెద్ద హోటల్లో వంటమనిషి అంటే మాటలా?"

పెద్దావిడ వంటమనిషి కాదు. ఆ హోటల్లో పళ్ళేలు కడిగేది. కొడుకు చిన్నప్పుడు తనంతట తానే ఆమెను వంటమనిషిని చేసేశాడు, ఆమె కాదనలేదు.

"వదినగారూ, మాకూ ఓసారి రుచి చూపించకూడదూ?" అంది వియ్యపురాలు.

"వచ్చే ఆదివారం వచ్చెయ్యండి, అమ్మ చేస్తుంది!" కొడుకు మాటిచ్చేశాడు.

"నాకు గుర్తులేదురా."

"ఎప్పుడడిగినా ఇదే మాట. గిన్నె ముందు నిలబడితే అదే గుర్తొస్తుందిలే."

"మీరు చెప్తూ చెయ్యండి అత్తయ్యా, నేను వీడియో తీస్తా" అంది కోడలు.

గుర్తులేకపోవడమా! ఆమె ముక్కు కూడా ఆ వాసన మర్చిపోలేదు. హోటల్ వెనక గదిలో పళ్ళేలు తొట్టెల కొద్దీ వచ్చి పడేవి. మొగుడు పోయాడు, ఇంట్లో బియ్యం గింజ ఉండదు, పిల్లాడు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటాడు. ఎవరూ చూడనప్పుడు పళ్ళేల్లోంచి ఏరి, రేకు డబ్బాలో వేసి, కొంగు కింద దాచి తెచ్చేది. ఏరుతుంటే డోకు వచ్చేది. ఒక్కసారైనా తను నోట్లో పెట్టుకోలేదు, హోటల్లో తిన్నానని అబద్ధమాడేది. పిల్లాడు వేళ్ళు నాక్కుంటూ ఇంకాస్త పెట్టమన్నప్పుడు సంతోషమూ అసహ్యమూ రెండూ ఒక్కసారే కలిగేవి. ఆ సంగతి తనతోనే మట్టిలో కలిసిపోవాలని ఆనాడే అనుకుంది. అంతగా ముచ్చటపడే కొడుకు నోట్లో ఇప్పుడు మన్ను కొట్టడమెందుకు?

"ఇది చూడండి" అన్నాడు కొడుకు. తెర మీద గ్లాసు, అంచుకు ఎర్రగా లిప్‌స్టిక్ మరక. "ఎంగిలంటే నాకు ఒళ్ళు మంట, మీకు తెలుసుగా. ఎవడు కడిగాడో తేల్చుకుందామని గ్లాసు పట్టుకుని నేనే వెనక్కి వెళ్ళా. వెళ్ళి చూద్దును కదా..."

తరవాతి ఫొటోలో ఒకామె. తడిసిన ఏప్రన్, రెండు పక్కలా పళ్ళేల దొంతరలు. కొరికిన రొట్టెను డబ్బాలో పెట్టుకోబోతూ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. కళ్ళు నేరుగా కెమెరాలోకి చూస్తున్నాయి.

"ఛీ ఛీ!" అంది వియ్యపురాలు.

"కుక్కలకేమో" అన్నాడు వియ్యంకుడు.

"కుక్కలకా? ఇంట్లో పిల్లలకట మామయ్యా! అడిగితే సిగ్గు లేకుండా చెప్పింది. ఎంగిలి కూడు పెట్టేది కూడా ఓ తల్లేనా? మేనేజర్‌కి ఫొటో చూపించా. మర్నాటి నుంచి కనిపిస్తే ఒట్టు." కొడుకు పగలబడి నవ్వాడు. "అదే మా అమ్మని చూడండి, అంత లేమిలో కూడా..."

"ఆపరా!" అంది పెద్దావిడ.

అందరూ తలుపు వైపు తిరిగారు.

"వదినగారు రుచి అడిగారు. ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్తాను. అమ్మాయ్, వీడియో తీస్తానన్నావుగా, తీసుకో. ముందు రొట్టె. పళ్ళ గాట్లున్నంత మేర చాకుతో కోసెయ్యాలి. లిప్‌స్టిక్ అంటుకుంటే ఇంకాస్త లోపలికి కొయ్యాలి. మాంసం ఎవరైనా నమిలిందో కాదో వేళ్ళతో నొక్కితే తెలుస్తుంది, నమిలింది వద్దు. సిగరెట్ నుసి పడితే వేణ్ణీళ్ళతో కడిగితే పోతుంది. పండు ముక్క నేను కావాలని వెయ్యలేదు నాయనా, అన్నీ కలిసిపోయాక ఏరడం నావల్ల కాలేదు. ఏది ఎవరి ఎంగిలో తెలియనంతగా ఉడకబెట్టాలి. అంతే, అన్నికూర."

కోడలు ఫోన్ పైకి ఎత్తనే లేదు. వియ్యంకుడికి దగ్గు పట్టుకుంది. వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. పుక్కిలించిన చప్పుడు హాల్లోకి వినబడుతూనే ఉంది. ఎప్పుడో అరిగి వాడి ఎముకల్లో కలిసిపోయిన తిండి, పుక్కిలిస్తే మాత్రం వస్తుందా?

మొహం తుడుచుకుంటూ వచ్చి తల్లి చెవి దగ్గర వంగాడు.

"వాళ్ళ ముందు చెప్పాలా అమ్మా? నా పరువేం కాను?"

అతనికి తట్టింది అదొక్కటే. తెర మీద ఆమె ఇంకా అలాగే చూస్తోంది. ఆమె పిల్లలు ఇప్పుడేం తింటున్నారోనన్న ఊహ కూడా అతనికి రాలేదు. ఎన్ని ఎంగిళ్ళు ఏరినా కలగనంత రోత పెద్దావిడకు కన్నకొడుకు మొహం చూస్తే కలిగింది.

"ఆ మేనేజర్ నంబరుందా?"

"ఉంది. ఎందుకు?"

"ఫోన్ చెయ్యి. మా అమ్మ కూడా ఆ పనే చేసి నన్ను పెంచింది, ఆవిణ్ణి పనిలోకి పిలవండి అని చెప్పు."

"వీళ్ళు వెళ్ళాక చేస్తాలే అమ్మా..."

"వీళ్ళ ముందే చెయ్యి."