రచ్చ గెలిచినాయన

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాజీ గవర్నరుగారి రాజకీయ జీవితం మాత్రం తిరగబడి నడిచింది. కుర్ర లాయరుగా ఉన్న రోజుల్లో తను పుట్టిన వీధి నుంచి కౌన్సిలరుగా రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ చిత్తుగా ఓడిపోయాడు. బంతితో కిటికీ అద్దాలు పగలగొట్టిన అల్లరి పిల్లాడిగానే వీధివాళ్లకు ఆయన తెలుసు మరి. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా!

ఊరవతల నూలుమిల్లు కార్మికుల కేసు గెలిచాక ఆయన దశ తిరిగింది. ఆ కార్మికులే భుజాలకెత్తుకుని శాసనసభకు పంపారు. తర్వాత రోడ్ల మంత్రి అయ్యాడు. గవర్నరుని కూడా జనమే ఎన్నుకునే దేశం వాళ్లది. చివరికి రాష్ట్రమంతా ఓట్లేసి ఆయన్ని గవర్నరుగా ఎన్నుకుంది. నదిమీద వంతెన కట్టించాడు, వరదల్లో మోకాలిలోతు నీళ్లలో తిరిగాడు, దండలతోపాటు తిట్లూ తిన్నాడు. పదవి ముగిశాక మచ్చ లేకుండా పాత ఇంటికి తిరిగొచ్చి, తన చొక్కాలు తానే ఇస్త్రీ చేసుకుంటూ హాయిగా ఉన్నాడు.

హాయే గానీ, లోపలెక్కడో చిన్న ముల్లు. వీధి ఎన్నికలు ప్రకటించగానే అది కదిలింది.

"ఈసారి కౌన్సిలరుగా నిలబడతానే," అన్నాడు భార్యతో.

ఆవిడ కూరగాయలు తరగడం ఆపలేదు. "ఏనుగెక్కి ఊరేగినాయనకి ఈ సైకిలు మోజేంటండీ?"

"రాష్ట్రమంతా సరేనంది. ఈ వీధి ఒక్కటే నన్ను కాదంది."

"మీ సరదా మీది."

ఆయనకు పోటీ, వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అమ్మాయి. అప్పటి కౌన్సిలరు ఆమే. మెడలో టేపు తీయకుండానే ఇల్లిల్లూ తిరుగుతూ ఈయన గుమ్మంలోకీ వచ్చింది.

"మీమీద నిలబడాలంటే సిగ్గుగా ఉంది బాబాయిగారూ. కానీ మురిక్కాలువ పని సగంలో ఉంది, వదల్లేను."

"సిగ్గెందుకమ్మా, పోటీ పోటీయే. టీ తాగి వెళ్లు."

ఆయన ప్రచారంలో తన వంతెన గురించి చెప్పాడు. బేకరీ ముసలాయన శ్రద్ధగా విన్నాడు. "గొప్ప వంతెనే సార్. వానొస్తే నా కొట్లోకి దాటడానికి కూడా అలాంటిదొకటి కట్టించండి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వేసి పక్క గుమ్మం వైపు నడిచాడు.

ఓడిపోయాడు. ఆ పూట భోజనం దగ్గర భార్యని అడిగాడు: "నువ్వు నాకే వేశావు కదూ?"

"లేదండీ. ఆ అమ్మాయికే వేశా."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నువ్వూనా!"

"కిందటి వానలకి మన మెట్లెక్కి మురుగొచ్చింది. మీరేమో సన్మానానికి వెళ్లారు. తను పార పట్టుకుని వచ్చింది. మీకు మొహమాటానికి వెయ్యాలి, తనకి పని చూసి వెయ్యాలి. నేనేం చెయ్యను చెప్పండి?"

ఆయనకి మిల్లు కార్మికులు గుర్తొచ్చారు. వాళ్లు వేసిందీ పని చూసేగా! పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఎన్నో ఏళ్లుగా గుచ్చుకుంటున్న ముల్లు ఆ నవ్వులో ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు.

కొన్నాళ్లకి దర్జీ అమ్మాయి వచ్చింది. కాలువ కోసం రోడ్డు తవ్వడానికి రోడ్ల శాఖవాళ్లు అనుమతి ఇవ్వడం లేదట.

"ఫోన్ చెయ్యనా?"

"వద్దు బాబాయిగారూ. మీరు ఫోన్ చేస్తే ఈ ఒక్క పనే అవుతుంది. నాతో వచ్చి పక్కన కూర్చోండి. ఎవర్ని ఏమడగాలో నేర్చుకుంటాను."

ఆమె స్కూటరు వెనక, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆయన్ని చూడగానే ఇంజినీరు గభాలున లేచాడు. "సార్! మీరు ఇలా..."

"నేను కౌన్సిలరుగారి వెంట వచ్చానయ్యా. ముందు ఆవిడకి కుర్చీ వెయ్యండి."

ఇంజినీరు అడ్డం చెప్పినప్పుడల్లా ఆయన ఆమె చెవిలో ఒక ముక్క చెప్పేవాడు. ఆమె దానికి నాలుగు ముక్కలు కలిపి అడిగేది. సాయంత్రానికల్లా అనుమతి చేతికొచ్చింది.

వారం తిరక్కుండా పలుగులూ పారలూ వీధిలోకి దిగాయి. ఆయన గొడుగేసుకుని కాలువ అంచునే నిలబడ్డాడు. వాలు సరిపోదని మేస్త్రీతో వాదన. మేస్త్రీ కూడా తగ్గలేదు. భార్య వచ్చి కేకేసింది.

"అన్నం చల్లారిపోతోందండీ!"

"వస్తున్నానే, ఈ మూల ఒక్కటీ చూసి!" అన్నాడు, కాలువలోకి ఇంకాస్త వంగుతూ.