ఉమ్మే నీళ్లు

"ఉమ్ము... ఉమ్మురా! మింగితివంటే వీపు పలుగుతది" అన్నాడు ఐలేశం.

ఒకటో తరగతి పిల్లవాడు పేస్టు నీళ్లతో చెంపలు ఉబ్బించి, అతని మొహంలోకి భయంగా చూసి, మోరీలో ఉమ్మాడు. ఐలేశం పక్కపిల్ల చేతిలో రెండు సీసామూతల నీళ్లు పోశాడు. అంతకన్నా పోయడానికి లేవు. నల్లా రాక ఇది నాలుగో రోజు. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు కృష్ణా నీళ్ల పైపు పగలగొట్టి, పైన మట్టి కప్పి వెళ్లిపోయారు.

బడి వెనకాల బోరుంది. మీట నొక్కితే చేతి లావున పడతాయి, ఫ్లోరైడు నీళ్లు. ఐలేశం అవి తాగి పెరిగినవాడే. యాభై రెండేళ్లకు నడుము కొడవలిలా వంగి బిగుసుకుపోయింది. చేతులు భుజం దాటి లేవవు. మెడ తిరగదు; ఎవరైనా పిలిస్తే ఎడ్లబండిని మళ్లించినట్టు ఒళ్లంతా మళ్లించాలి. పళ్లు తుప్పు పట్టిన రేకు ముక్కలు. పెళ్లిఫోటోలో నోరు మూసుకొని ఉన్నాడు. ఆ తర్వాత కూడా పెద్దగా తెరిచింది లేదు.

జూన్‌లో పళ్ల డాక్టర్లు వచ్చి పిల్లలకు బ్రష్షులు పంచారు. రోజూ బళ్లోనే తోమించమన్నారు. చిన్నవాళ్లు సగం మింగేస్తారు గనుక బోరు నీళ్లు నోటి దాకా రానివ్వొద్దన్నారు. పంతుళ్లు తలలూపారు. విన్నది మాత్రం బడి ఊడ్చే ఐలేశం ఒక్కడే. మర్నాడే ఒక చెక్కకు ముప్పై ఒక్క మేకులు కొట్టి బ్రష్షులు వేలాడదీశాడు. అక్షరం రాదు గనుక పేర్లకు బదులు మేకుకొక రంగు పేలిక కట్టాడు.

"తాతా, నువ్వు తోముకోవా?" అంది రెండో తరగతి జబీన్.

"నాయి తోమితే పోయే మరకలు గావు బిడ్డా. సున్నమేసినా తెల్లగ గావు."

పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లు నవ్వితే అతను మొహాలు చూడడు, పళ్లు చూస్తాడు.

ఆ నవ్వులోనే జబీన్ ముందుపన్ను ఊడి అరచేతిలో పడింది. బడి స్లాబు మీదికి విసరమని అతని చేతిలో పెట్టింది. కప్పు మీద పడితే కొత్తపన్ను మంచిగా వస్తుందని ఊరి నమ్మకం. పిల్ల విసిరితే అంత ఎత్తు పోదు. అతని చెయ్యి లేవనే లేవదు.

"మధ్యాన్నం నిచ్చెనేసి పెట్టొస్త తీ" అంటూ దాన్ని నోటుబుక్కు కాగితంలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"తెల్లగొస్తదా తాతా?"

"పాల లెక్క వస్తది."

పెద్దమేడం సుమన వరండాలోకి వచ్చింది. "ఎన్నొద్దులు ఐలేశం, గీ మూతలతోని? మోటరెయ్యి. ఉమ్మేసే నీళ్లే గదా."

"చిన్నోళ్లు ఉమ్మరు మేడం. మింగుతరు."

"తాగనీకి గూడ లేవాయె. అన్నం బెల్లు లోపల మంచినీళ్లు రాకుంటే నేనే ఏస్త."

పొయ్యి దగ్గర నుంచి వంట చేసే సైదమ్మ కలగజేసుకుంది. "మరగబెడితే పోతదన్నా. నేను మరగబెట్టి పోస్త గని, ఫికర్ జెయ్యకు."

ఐలేశం ఒళ్లంతా ఆమె వైపు మళ్లించాడు. "మా అమ్మ గూడ మరగబెట్టే పోసింది చెల్లె. నా నడుం జూడు."

కలరా వచ్చిన ఏడు నీళ్లు మరిగించి తాగమని ఊళ్లో చాటింపు వేశారు. అమ్మ చచ్చేదాకా ఆ మాట తప్పలేదు. కుండెడు నీళ్లు సగం కుండ అయ్యేదాకా మరిగించి, ఒక్కగానొక్క కొడుకని అతనికే పోసేది. ఆవిరై పోయేది నీళ్లేనని, విషం అడుగున చిక్కబడుతుందని ఆమెకు చెప్పిన పెద్దమనిషి లేడు. ఊళ్లో అతని తోటివాళ్లందరికంటే ముందు అతని నడుమే వంగింది.

చొక్కా విప్పి బ్రష్షుల చెక్క పక్కన మేకుకు తగిలించి, బనీనుతోనే సైకిలు తీశాడు. పక్క ఊరి ట్యాంకు రామన్నపేట దారిలో రెండు కిలోమీటర్లు. సైకిలెక్కడం ఎప్పుడో పోయింది. చెరో పక్క డబ్బా కట్టి, హ్యాండిలు పట్టుకొని నడుస్తాడు. చూసేవాళ్లకు సైకిలే అతన్ని నడిపిస్తున్నట్టుంటుంది.

నీళ్లు నింపుకొని వస్తూ, పత్తిచేల దగ్గర సైకిలుకు స్టాండు వేసి కల్వర్టు మీద కూర్చున్నాడు. ఎడమ భుజం నొప్పి. అది కొత్తది కాదు గనుక లెక్కచెయ్యలేదు. బెల్లుకు ఇంకా టైముందిలే అనుకున్నాడు.

ఆటో వహీద్ అటు పోతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి కేకేశాడు. "ఓ ఐలేశన్నా! ఎండల గూసున్నవేందే? డబ్బాలెక్కియ్యి, దించిపోత."

మెడ తిరగనివాడు పలకకపోవడం ఆ దారిలో అందరికీ అలవాటే. మూడోసారి మాత్రం వహీద్ ఆటో ఆపి, దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్లంతా ఒక్కసారే పక్కకు మళ్లింది.

అప్పటికి బళ్లో బెల్లు కొట్టి, మోటరు వేసి, పిల్లల అన్నాలు కూడా అయిపోయాయి.

పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టబోతే నడుము ఒప్పుకోలేదు. పక్కకు ఒత్తిగిల్లబెట్టి మోశారు. డబ్బాల్లోని మంచినీళ్లు, పాడె మోసి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోవడానికి సరిపోయాయి.

మర్నాడు ప్రార్థనలో రెండు నిమిషాలు నిలబడ్డారు. తర్వాత సైదమ్మ పిల్లల్ని వరుస కట్టించి, తెల్లవారుజాము నుంచి మరిగించి చల్లార్చిన బోరు నీళ్లు పోసింది. మూతలతో కాదు, గ్లాసుల నిండా, ప్రేమగా. ఉమ్మమని గద్దించేవాళ్లు లేరు. జబీన్ ఖాళీ చిగురు మీద నాలుక ఆడించుకొని, నోట్లోవి గుటుక్కున మింగింది.

బ్రష్షుల చెక్క పక్కన చొక్కా వేలాడుతూనే ఉంది. దాని జేబులో, నోటుబుక్కు కాగితం మడతలో, జొన్నగింజంత పాలపన్ను.