ఓడలో ఊపిరి

అక్క సినిమాలకు సంగీతం కడుతుంది. తమ్ముడు వాటికే చప్పుళ్లు సమకూరుస్తాడు. ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో పని. ఆ వారం మాత్రం ఇద్దరికీ మాటల్లేవు.

గొడవంతా ఒక్క సీను గురించి. దారి తప్పిన అంతరిక్ష నౌకలో ఒకమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది. ఏమీ జరగదు. అయినా చూసేవాళ్లకు ఒళ్లు జలదరించాలి. అక్క సింథసైజర్ మీద మంద్రంగా ఒకే స్వరం సాగదీసింది. తమ్ముడు వాషింగ్ మెషిన్ మోతను రికార్డు చేసి, వేగం తగ్గించి, ఇంజను రొద చేశాడు. రెండూ కలిపితే ముద్దముద్దగా వినిపించింది.

"నీ స్వరం నా ఇంజన్ని మింగేస్తోందక్కా!"

"అది ఇంజనా? ముసలి ఫ్రిజ్‌లా మూలుగుతోంది."

తమ్ముడు తలుపు వేసేసుకున్నాడు.

దర్శకుడు వచ్చే రోజు అక్క కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటుంది, లేస్తుంది, దాహం లేకుండానే నీళ్లు తాగుతుంది. చివరికి పంతం వదిలి, తన స్వరాన్ని అతని రొదతో శ్రుతి కలుపుదామని మీట మెల్లగా తిప్పసాగింది. ఇంకాస్తలో కలుస్తాయనగా స్పీకర్లలో ఏదో ఉబ్బింది. తగ్గింది. మళ్లీ ఉబ్బింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక్కి తిరిగి చూసింది కూడా.

వెళ్లి తలుపు తట్టింది.

"ఒరేయ్, ఊపిరి శబ్దమేమైనా కలిపావా?"

"లేదే!" వచ్చి విన్నాడు. ముఖం మారిపోయింది. "ఎవరక్కా అది?"

"ఎవరూ లేర్రా. నువ్వూ నేనూ. వెంట్రుకవాసి తేడాతో కొట్టుకుంటున్నాం. నీ రొదా నా స్వరమూ కలిసీ కలవనట్టుంటే శబ్దం ఇలాగే ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. శ్రుతి కలిపేస్తే పోతుంది."

"కలపకు!"

తమ్ముడు అక్కడే కుర్చీ లాక్కుని, అమ్మాయి అడుగుల చప్పుడులో అక్కడక్కడా ఒకటి తీసేశాడు. ఆ ఖాళీల్లో ఊపిరి మరీ దగ్గరగా వినిపించింది.

దర్శకుడు చూస్తూ చూస్తూ గుమ్మం వైపు తిరిగాడు. తరవాత తేరుకుని అడిగాడు. "ఇంతకీ ఇది సంగీతమా, చప్పుడా? ఎవరి పేరు వెయ్యను?"

"నాదే," అన్నారిద్దరూ ఒకేసారి.

సినిమా విడుదలయ్యాక అమ్మను తీసుకెళ్లారు. ఆ సీను సగంలోనే ఆవిడ లేచి బయటికి నడిచింది. అక్క కంగారుగా వెంట పరుగెత్తింది.

"ఏమైందమ్మా?"

"ఏమో తల్లీ, కూర్చోబుద్ధి కాలేదు. ఆ పిల్లకి ఎవరైనా చెప్పండే, వెనక ఎవరో ఉన్నారని!"

అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. హాలు తలుపు సందులోంచి ఆ శబ్దం ఇంకా వస్తూనే ఉంది. అమ్మ చెయ్యి పట్టుకుని ఇంకో నాలుగడుగులు దూరంగా నడిచింది.